పీపా

జూన్ సొచ్చిందంటే షార్జాల, మా సజా క్యాంపుల
నల్లా తిప్పితే నిప్పు పారుతది.
మిద్దె మీది ట్యాంకులు పొద్దంత ఉడికి
రాత్రి పదింటికి గూడ పొగలు గక్కుతయి.
సిమెంటు దుమ్ముతోని డ్యూటీ దిగినోళ్లం
బకెట్లు పట్టి, పేర్లు రాసి, మంచాల కింద దాసుకునేది.
ఒకని బకెట్ ఇంకొకడు గుమ్మరిచ్చుకుంటె
తెల్లారగట్ల నాలుగింటికి లొల్లి.

ఆడెపు బుచ్చిలింగం లొల్లిల దూరలే.
కిటికి కింద గొంతుక్కూసొని
ఏసీ గొట్టంల నుంచి జారే చుక్కల్ని లెక్కవెడుతున్నడు.
నిమిషానికి ఇన్ని, గంటకు సీసెడు,
పద్నాలుగు రూములకు?
"ఇంత సల్లటి నీళ్లు ఇసుకకు తాపుతున్నమేందిర?"

సిరిసిల్లల సాంచెలు బాగుజేసిన చేతులాయనయి.
చప్పుడు ఇని చెప్పేటోడట
ఏ పళ్లచక్రం అరిగిందో.
వీసా మీద మాత్రం హెల్పర్.

శుక్రవారం అందరు బిర్యానికి బోతే
మేమిద్దరం స్క్రాపు యార్డుకు.
పెషావరు గుల్ జమాన్, పాత ఇనుము గుట్ట మీద
కుర్చేసుకొని కూసునేటోడు,
సచ్చిన ఏసీ కడుపుల నుంచి రాగిచుట్ట గుంజి
తూకానికి పెట్టబోయి ఆగిండు.
"దేనికి?"
బుచ్చన్నది వచ్చీరాని ఉర్దూ.
ఇసుకల ఏలుతోని గీసిండు:
ఇది పీపా, ఇది చుట్ట, ఇట్ల ఉడుకు, ఇట్ల సల్ల.
జమాన్ చెప్పుకాలుతోని ఒక గీత తుడిచి
సల్లనీళ్లు అడుగు నుంచి తియ్యాలె అని దిద్దిండు.
చుట్టకు పైసలు తీసుకోలే.
రెండు చాయ్‌లు తాపిచ్చుకుండు.

ఆ నీలం పీపా ఎన్నడో సబ్బుల కంపెనీదట,
ఎన్ని మాట్ల కడిగినా నురుగే.
మొదటిరోజు అతుకు ఊడి
నా దవడ కాలింది. ఇగో, మచ్చ.
సైకిలు ట్యూబు, ఎం-సీల్, చినిగిన బనీను పీలిక,
మళ్ల సైకిలు ట్యూబు.
మూడో శుక్రవారం నల్లా తిప్పిండు.
చెయ్యి వెట్టి, తీసి, మళ్ల వెట్టి
"గోరెచ్చగున్నయి" అన్నడు, ఓడిపోయినట్టు.
మేమైతే కేకలు!
జులైల గోరెచ్చ అంటే ఏందో
ఎండల కడ్డీలు మోసినోన్ని అడుగుర్రి.

కంపెనీ సేఫ్టీ సారు తెల్లటోపీతోని వచ్చిండు.
డ్రాయింగ్ ఏది, అప్రూవల్ ఎవలిచ్చిన్రు?
డ్రాయింగ్ ఇసుకల ఉండె సార్, గాలికి వోయింది
అని నోటిదాక వచ్చింది, మింగిన.
ఫోటోలు తీసుకొని పీకేయుమన్నడు.
పోయేముందు నల్లా కింద మణికట్టు వెట్టి
కొంచెంసేపు అట్లనే నిలవడ్డడు.

పీకేసినం.
పది రోజులకు సి బ్లాకు ఎనుక ఇంకో పీపా లేసింది.
కొమిల్లా షఫీకుల్‌ది. వెల్డరు గదా,
అతుకులు అద్దంలెక్క.
పీపా సుట్టు తడిగోనె కట్టిండు.
మాదానికన్న సల్లగున్నయి నీళ్లు.

బుచ్చన్నకు రెండ్రోజులు బువ్వ సయించలే.
మూడోనాడు ఎవలికి చెప్పకుంట వోయి
మోకాళ్ల మీద వంగి సూసొచ్చిండు.
"గోనె... నాకెందుకు తట్టలే" అని
రాత్రంత గొణుగుడే.
తెల్లారి ఒక వాల్వు జేబుల ఏసుకపోయి
షఫీకుల్‌కు ఇచ్చిండు,
గొట్టంల గాలి పట్టుకుంటె ఇడిసెతందుకు.

ఇప్పుడు ఎన్ని బ్లాకులల్ల ఉన్నయో తెల్వది.
మొదటిది ఎవలదంటే
ఒక్కో రూముల ఒక్కో పేరు చెప్తరు.
ఆయన పేరు నేనొక్కన్నే చెప్తున్నట్టుంది.

ఆయనకు ఆ సోయి లేదు.
నా టేబుల్ ఫ్యాను ఇప్పి కూసున్నడు,
పక్కన పాలపొడి డబ్బా.
దాంట్ల అన్ని మిగిలిన స్క్రూలే.
ఇప్పిన ప్రతిదాంట్ల నుంచి ఒకటి మిగులుతది,
ఎందుకో ఆయనకూ తెల్వది, పారెయ్యడు.
ఇయ్యాల గూడ ఒకటి మిగిలింది.
"ఇది లేకుంట తిరుగుతదా అన్నా?"
ఫ్యాను ఏసి, చెవి ఆనిచ్చి,
"జర ఆగు" అన్నడు,
"ఇంటున్న."