ముద్రణ: నల్లకుంట

మొదటి సంచిక పదహారు పేజీలు, రెండు పిన్నులు.
టోలీచౌకీ నుంచి హొదాన్
వానలో, హెల్మెట్లో దాచి తెచ్చింది కాగితాలు.
నాకా భాష రాదు.
చీకట్లో గుండీలు పెట్టుకున్నట్టు
తడుముకుంటూ కొట్టాను.
ఆమె పేరులోనే ఒక అక్షరం ఎక్కువ పడింది.
నవ్వింది. "ఉండనీ అన్నా,
ఈ ఊళ్లో నా పేరు ఇదే."

ఇప్పుడు తొంభై ఆరు పేజీలు, దారం కుట్టు,
కంపాలా కథలు,
ఖార్టూమ్ నుంచి ఎవరిదో
కూలిన వంటింటి కొలతలు.
హొదాన్ వీసా అయిపోయింది.
కొత్త సంపాదకురాలు నీమా
బేరం గట్టిగా ఆడుతుంది,
కామాల దగ్గర ఇంకా గట్టిగా.

రాత్రి ప్రూఫులో ఆమె ఎర్రపెన్ను
వ్యవస్థాపకురాలి పేరు దగ్గర ఆగింది.
ఒక్క అక్షరమే. కొట్టేసింది.

మిషన్ ఆపాను.
కింద హోటల్‌కి కేకేసి
రెండు చాయ్ చెప్పాను.