కోట్లు లెక్కపెట్టిన మనిషి

నెరేయ్‌దా కొట్టో జీవితమంతా కోట్లు లెక్కపెట్టింది.
మీరనుకునే కోట్లు కావు.
బ్రాంక్స్‌లో జనవరి రాత్రి
నేలమాళిగ క్లబ్బు మెట్ల పక్కన
కొక్కేలకు వేలాడే కోట్లు,
మంచు కరిగి చుక్కలు కార్చే ఉన్నికోట్లు.
ఒక్కొక్కదాని భుజం తట్టి
బడిపిల్లలకు హాజరు వేసినట్టు
"మూడువందల పన్నెండు" అనేది.

మా పాట ఒక్కటీ ఆమె పూర్తిగా విన్నది లేదు.
నా ట్రాంబోన్ వంతు వచ్చేసరికి
ఎప్పుడూ వంటగదిలోనే ఉండేది,
ఉల్లిపొట్టు మీద నిలబడి
యజమాని సాయాస్‌తో తగువు.
"నూట ఎనభై మందే వచ్చారమ్మా" అనేవాడు వాడు
కాకిలెక్క చెబుతూ.
"అయితే తక్కిన నూట ముప్పై రెండు కోట్లూ
వాటంతటవే నడిచొచ్చాయా?"

ఎండాకాలంలో కోట్లుండవు.
అప్పుడు బార్ వెనక బకెట్‌లో
పిండి పారేసిన నిమ్మచెక్కలు లెక్కపెట్టేది.
గోళ్ళ పక్కన చర్మం పగిలి మండేది.
తలకు రెండు చెక్కలని ఆమె లెక్క.
ఎలా తేల్చిందో మాకెవరికీ చెప్పలేదు.

డెబ్బై రెండులో మొదలుపెట్టింది.
అంతకుముందు బొమ్మల ఫ్యాక్టరీలో
ప్లాస్టిక్ పాపలకు కనురెప్పలు అతికించేది.
ఆఫీసంటే కిరాణాకొట్టు బయట ఫోన్‌డబ్బా.
మోగితే ఎత్తి "కొట్టో ఎంటర్‌ప్రైజెస్" అనడానికి
అరటికాయలమ్మే కుర్రాడికి వారానికో డాలరు.
నూటికి పదిహేను ఆమె వాటా.
అందులోంచే కాంగా వాయించే మోంచోకి పళ్ళు కట్టించింది,
తాకట్టు కొట్లోంచి నా ట్రాంబోన్‌ని
మూడుసార్లు విడిపించింది.
నాలుగోసారి విడిపించలేదు.
"ఈసారి నువ్వే నడిచెళ్ళు. చలి తెలుస్తుంది" అంది.

ఎలాదియో సంగతి చెప్పాలి.
పోన్సే నుంచి వచ్చిన కుర్రాడు,
గొంతులో బెల్లం, కాళ్ళలో వణుకు.
స్టేజి ఎక్కేముందు ప్రతిసారీ వాంతి చేసుకునేవాడు.
ఆమె బకెట్ పట్టుకుని,
రెండు చెక్కముక్కల క్లావే మోగించినట్టు
వాడి వీపు మీద తట్టేది:
మూడు, ఆగి, రెండు.
మూడు, ఆగి, రెండు.
వాడు మూతి తుడుచుకుని వెలుగులోకి అడుగు వేసేవాడు.

ఎనభై ఒకటిలో మయామీ నుంచి
తెల్లబూట్ల లాయరొకడు దిగాడు.
ఎలాదియో సంతకం పెట్టిన కాగితాలు
ఆమె వంటింటి బల్ల మీద, కాఫీ మరక పక్కన.
తొమ్మిదేళ్ళ మనిషి తొమ్మిది పేజీల్లో వెళ్ళిపోయాడు.
మేం నోటికొచ్చినట్టు తిట్టాం.
ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివింది.
ఫోన్ చేసి
"ఏడో పేజీలో నిన్ను మోసం చేస్తున్నార్రా" అని చెప్పి
పెట్టేసింది.

ఆ రాత్రి హార్ట్‌ఫర్డ్‌లో మాకు ప్రదర్శన.
పాడేవాడు లేడు.
వ్యాన్ నడుపుతూ
గొంతున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి అంది,
వైపర్ ప్రతి పేరునీ తుడిచేస్తుంటే.

మొన్న ఆగస్టులో పోయింది.
ఉక్క. ఎవరి ఒంటి మీదా కోటు లేదు.
శవపేటిక హాలు యజమాని మెడ తుడుచుకుంటూ
"ఓ అరవై మంది వచ్చినట్టున్నారు" అన్నాడు.
నాకు ఒళ్ళు మండింది.
ఆమె ఫొటోతో కాగితపు విసనకర్రలు
మూడువందలు వేయించాం,
వచ్చినవాళ్ళకల్లా ఒకటి.
మూల అట్టపెట్టెలో మిగిలినవి
నేల మీద గొంతుక్కూర్చుని లెక్కపెట్టాను.
నలభై ఒకటి.
"రెండువందల యాభై తొమ్మిది" అన్నాను వాడి మొహం మీదే.

బయట కార్ల వెనక
జుట్టుకు రంగేసుకున్న లావుపాటి మనిషి
వంగి వాంతి చేసుకుంటున్నాడు.
వెళ్ళి ఎలాదియో వీపు మీద చెయ్యి వేశాను.
మూడు, ఆగి...
నలభై ఏళ్ళు ట్రాంబోన్ వాయించినవాణ్ణి,
తాళం తప్పాను.
"ఆమె అలా కాదు" అన్నాడు వాడు, తలెత్తకుండానే.

వాడు విసనకర్ర తీసుకోలేదు.
లోపలికెళ్ళి లెక్క సరిచేశాను:
రెండువందల అరవై.