తప్పు కాజా

పాలు తాగితే వీడికి చెమట పడుతుందని
బసీలియా చోక్వే ఐదోసారి చెప్పింది.
మొదటి నలుగురూ వినలేదు.
కడుపులో గాలి అన్నారొకరు.
సాంతా క్రూస్ ఉక్కకి పెద్దలకే దిక్కులేదు, పసివాడెంత అన్నారింకొకరు.
నేను ఐదోదాన్ని. డాక్టర్నీ కాను,
ఎకో గదిలో జెల్ పూసే మనిషిని.

రెండు గుక్కలు తాగి వదిలేస్తాడట,
సున్నంలా పాలిపోతాడట,
ఆ తర్వాత ఏడుస్తాడట, ఎవరో గిల్లినట్టు.

నాలుగు నెలల ఎలియో ఛాతీ మీద ప్రోబ్ ఆన్చాను.
ఎడమ గది
సగం నిండిన నీళ్లతిత్తిలా బద్ధకంగా కదిలింది.

గుండెకీ ఆకలేస్తుంది.
ఒళ్లంతటికీ వడ్డించే ముందు
తన ముద్ద తాను తీసిపెట్టుకుంటుంది:
బృహద్ధమని మొదట్లోనే రెండు సన్న కొమ్మలు.
కుడిది దొరికింది.
ఎడమది లేదు.
ప్రోబ్ వంచాను, ఊపిరి బిగబట్టాను,
లేదు.
ఊపిరితిత్తులకు పోయే గొట్టంలో
ఆవగింజంత ఎర్ర మెరుపు,
వెనక్కి పారుతూ.

"ముప్పై ఏళ్లలో ఇది మూడోది" అని
డాక్టర్ ఉర్కీదీ కుర్చీ లాక్కున్నాడు.
బసీలియాది కుట్టుపని అని తెలిసి
ఆ భాషలోనే చెప్పాడు:
ఒక గుండీ తప్పు కాజాలో పడింది.
ఆమె కాసేపు ఆగి అడిగింది,
"విప్పడానికి చొక్కా కోయాలా?"
"కోయాలి."

"కొండ మీద, ఎల్ ఆల్తోలో, బాగానే ఉండేవాడు.
పని కోసం దిగాం. దిగిన మూడోవారం నుంచీ ఇదే.
వాడి ప్రాణం అక్కడే ఉండిపోయింది, పిలవాలి అంటుంది మా అత్త."
నాకు నవ్వొచ్చింది. ఉర్కీదీ నవ్వలేదు.
"ఆ పల్చటి గాలికి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి దిగదు.
ఆ ఒత్తిడే, నల్లనెత్తురునైనా, ఆ కొమ్మలోకి తోసి ఉంటుంది.
మీ అత్త చెప్పింది సగం నిజమేనేమో."

సర్జరీ ఏడు గంటలు.
గుండెని ఆపి, ఆ కొమ్మ మొదలు చుట్టూ కోసి తెచ్చి
అసలు చోట కుట్టారు.
ఆ ముక్కని సర్జన్లు కూడా గుండీ అనే అంటారు.
బసీలియాకి ఇంకా చెప్పలేదు.

ముసలావిడ రాత్రంతా బస్సులో దిగి వచ్చింది,
వాడి ఉన్ని టోపీ పట్టుకుని.
ఐసీయూ బయట నిలబడి
వాడి పేరు మెల్లగా పిలుస్తూనే ఉంది.
లోపలికి రానివ్వకూడదు.
తలుపు కొంచెం తెరిచి పట్టుకున్నాను.

పదకొండో రోజు. ఎడమ గది ఇంకా బద్ధకమే,
మొన్నటికన్నా ఒక వీసం నయం.
ముప్పై మిల్లీలీటర్లు తాగి నిద్రపోయాడు.
గ్లవ్ తీసేసి నుదురు తాకాను.
పొడిగా ఉంది.