పల్లీల పొట్లం

మంగళవారం ఐదు గోల్స్ కొట్టిండ్రు.
గురువారం అవే కాళ్లు, అవే కట్టెలు,
బంతి మాత్రం అవతలోళ్ల చుట్టమైంది.

లాలాగూడ వర్క్‌షాప్‌ల షిఫ్టు మార్చుకొని
ఇయ్యాల మళ్లొచ్చిన గచ్చిబౌలికి,
సిగ్గు లేనోని లెక్క.

పక్క సీట్ల మొయినుద్దీన్ చాచా
పల్లీల పొట్లం విప్పడు.
మనోళ్లు గెలిస్తెనే తింటడట.
ఈ సీజన్ల తిన్నయి తక్కువ, పావురాలకేసినయి ఎక్కువ.

ఆఖరి నిమిషం. పెనాల్టీ కార్నర్.
చాచా వేలు దారం మీదికి పోయింది.

బంతి పోస్టుకు తగిలి టంగుమన్నది.
ఆ సప్పుడు లింగంపల్లిల నాతోనే రైలెక్కింది.

"ఇగ రాను చాచా, ఒట్టు."
ఆయన ఏం అనలే.
బేగంపేటల దిగుకుంట అడిగిండు:
"ఆదివారం ఎన్నింటికి?"

"ఆరింటికి" అన్న నోరు నాదే.
"పల్లీలు తాజాయి తే."