మూడువందల నలభై మీటర్లు

చిరునామా రాయమంటుంది ఫారం.
ఎడువీనా కార్కమో ఇంటికి నంబరు లేదు.
"పసుపు పడవ బోర్లించిన చోట, వెనక ఇల్లు" అని రాస్తే
ఎర్ర అక్షరాల్లో జవాబు:
మీ ప్రాంతంలో సేవ అందుబాటులో లేదు.

అందుకని నన్ను పంపారు
చిలోయే దీవిలో వాన తెరిపివ్వని జూలైలో,
ఒక టేపూ, నాలుగు కాగితాలూ చేతికిచ్చి.

పొయ్యి పక్కన కూర్చోబెట్టి
బంగాళాదుంపల బుట్ట నా ముందుకు తోసింది.
నల్లది, వంకరది, ఆవు నాలుకంత పొడుగుది.
నూట ఎనభై రకాల పేర్లు ఆమెకి కంఠతా.
గురువారం గురువారం నగరంలో విత్తనశాలవాళ్ళకి
తెరమీద చెబుతుంది ఒక్కో దుంప కథ.
మూడో దుంప దగ్గర బొమ్మ బిగుసుకుపోతుంది.
"నోరు తెరిచి ఉండిపోతానట, చేపలా.
నవ్వరు పాపం, మర్యాదస్తులు."

కాగితాలు పరిచాను.
రాగి తీగ: వాళ్ళ నాన్న నాటి ఫోనుది,
ఉప్పుగాలి తినగా మిగిలింది. వాన పడితే గరగర.
ఇక్కడ వాన పడనిదెప్పుడు?
మొబైల్: అటక కిటికీలో రెండు గీతలు,
పొగమంచు దిగితే ఒకటి.
ఉపగ్రహం: ఆకాశం అందరిదే,
అద్దె మాత్రం నెలకో గొర్రె.
"ఏడాది తిరిగేసరికి మందే ఉండదు కదయ్యా!"

ఇక ఫైబర్.
బడి ముందు స్తంభం దాకా వచ్చి ఆగింది వెలుగు దారం.
టేపు లాక్కుంటూ బురదలో నడిచాను.
మూడువందల నలభై మీటర్లు.
కంపెనీ హద్దు నూటయాభై.
"ఇంకో స్తంభం వెయ్యరా?"
"పటంలో లేదమ్మా."

కోప్పడలేదు.
బడి వైపు చాలాసేపు చూసి
గోడని అరచేత్తో రెండుసార్లు తట్టింది,
గొడ్డు వీపు తట్టినట్టు.
"బడి పక్క చెలక మా అక్కది" అంది.
నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరిలో ఇంకో పనిమీద అటు వెళితే
దారికడ్డంగా ఇల్లొకటి నడిచి వస్తోంది.
కింద దుంగలు, ముందు పన్నెండు జతల ఎడ్లు,
బెలార్మీనో అదిలింపులు, తాళ్ళకి వేలాడిన ఊరు.
కిటికీ తెరలు కూడా తియ్యలేదు.

మాకిది వింతేం కాదు. మా తాత ఇల్లు
ఓసారి సముద్రమే దాటింది, తెప్పలా తేలుతూ.
అవన్నీ మంచినీళ్ళ కోసం, అలల భయంతో.
స్తంభాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఇంటిని
ఇదే చూడ్డం.

ఇంటి వెనక ఎడువీనా,
నెత్తిన దుంపల బుట్ట.
"చూస్తావేం, కొలువు!"

తొంభై.

ఫారంలో చిరునామా గడి ఇంకా ఖాళీ.
"బడి పక్కన, నిన్నటి దాకా లేని ఇల్లు"
అని రాశాను.