వాసాలు లెక్కపెట్టే ఉద్యోగం

తుజ్లా అంటే ఉప్పు.
తురుష్కులు వదిలి వెళ్ళిన మాట.
ఊరి కిందనుంచి ఉప్పునీళ్ళు తోడి తోడి అమ్ముకున్నాం,
వీధులకి వీధులే కుంగిపోయాయి,
మా అమ్మ పుట్టిన ఇంటితో సహా.
ఇప్పుడు బొగ్గు.
ఈసారి కుంగుతున్నవి వీధులు కావు.

నా పేరు రెమ్జియా.
ఆరోగ్య బీమా నిధి ఆఫీసు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల.
కిటికీలో విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు,
బల్ల మీద
వాటి ఉప్పు తిన్న ఊపిరితిత్తుల బిల్లులు.

జనవరి సమావేశంలో డైరెక్టరు మురిసిపోయాడు.
"తలసరి ఆరోగ్య వ్యయం పెరిగింది.
సంపాదించే ఊరు తన మనుషుల్ని బాగా చూసుకుంటుంది."
గోడ మీద గీత పైపైకి పోతోంది.
అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను,
గీసింది నేనే కదా.

గీతలో ఏముందో కూడా నాకే తెలుసు.
పీల్చే మందు డబ్బాలు, రాత్రిళ్ళకి ఆక్సిజన్,
ఒకే ఇంటిపేరు మీద
ఒకే చలికాలంలో నాలుగు ఎక్స్‌రేలు.
అది కొండెక్కుతున్న గీత కాదు.
మెట్ల మధ్య ఆగి, కమ్మీ పట్టుకుని
దగ్గుతున్న మనిషి.

హజ్రుదిన్ దరఖాస్తు మూడోసారి వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు బాయిలరు దగ్గర,
నెలనెలా జీతంలోంచి మా నిధికి కోత.
అడిగేది ఒక్క ఆక్సిజన్ యంత్రం.
మొదటిసారి ముద్ర లేదని తిప్పి పంపాం.
రెండోసారి ముద్ర ఉంది, తేదీ లేదు.
ఈసారి అన్నీ ఉన్నాయి,
సంతకం మాత్రం ఆయన భార్యది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
నాకు జీతమిచ్చేదే అందుకు.
ఆయన మండించిన బొగ్గు, ఊరికి ఆదాయం.
ఆయనకిచ్చే యంత్రం, ఊరు చూపించిన శ్రద్ధ.
అది అమ్మిన కంపెనీ లాభం, మళ్ళీ ఆదాయం.
ఎటు కూడినా ఊరు ఎదుగుతూనే ఉంది.
ఆయనే, ఏ గడిలో రాయాలో తెలీడం లేదు.

మొన్న మంచు ఆగాక
పక్కింటి మిర్నెస్, ఏడేళ్ళవాడు,
గోడవార మంచుని రొట్టెలకత్తితో నిలువునా కోశాడు.
తెలుపు, బూడిద, తెలుపు, బూడిద.
"ఇది మంగళవారం. ఇదిగో, ఇది బుధవారం" అని
వేలితో చూపించాడు.
నా కంటే శుభ్రంగా రాసిన పద్దు.
ఎండ వస్తే సాక్ష్యం కూడా ఉండదు.

మూసెయ్యమని అనను.
అనడానికి నోరు రాదు.
మా తమ్ముడు సెనహిద్ ఇంకా అక్కడే, రాత్రి డ్యూటీ.
వాడి జీతం ఆగితే
హజ్రుదిన్ యంత్రానికి డబ్బు ఏ కోతలోంచి తియ్యాలి?
ఈ మాట ఎవరితో అన్నా
తల ఊపి కాఫీ పోస్తారు.

సాయంత్రం నాలుగింటికి రేడియేటరు కాలిపోతోంది.
తగ్గించే మర ఎప్పుడో విరిగింది.
ఆ వేడీ ఆ గొట్టాల దగ్గరనుంచే,
పైపుల్లో, ఇంటింటికీ.
చెమట పట్టి కిటికీ తియ్యబోయాను.
అద్దం అవతల పొగగొట్టాలు కనపడలేదు.
పొగ అంత కిందికి దిగిందన్నమాట.

కుడి చెయ్యి గొళ్ళెం మీదే ఉంచి
ఎడమ చేత్తో కాగితం మీద ముద్ర కొట్టాను.
వంకరగా పడింది.
వంకర ముద్ర చెల్లదని పై అంతస్తు వాళ్ళు అంటే
ఈసారి కాగితం కాదు, నేనే మెట్లెక్కుతాను.
కాస్త ఆలస్యమవుతుంది.
మలుపు దగ్గర ఒకసారి
కమ్మీ పట్టుకుని ఆగాలి.