రొట్టెల లెక్క

చీకటితోనే నా స్కూటరు వెనక పెట్టెలో
ఎనభై రొట్టెలుండేవి.
తూంబా ఎత్తు ఎక్కుతుంటే
బరువుకి ముందు చక్రం నేల వదిలేసేది.
థెస్సలొనీకి అంతా నిద్రలో ఉండగా
నా వెనకే ఒక వేడి, వీపుకి ఆనుకుని.

ఇప్పుడు ఇరవై మూడు.
గుంత తగిలినప్పుడల్లా
పెట్టెలో రొట్టెల కంటే ఖాళీయే ఎక్కువ మోగుతుంది.

ముందు పోయింది గుండీల కొట్టు.
దోమ్నా గారు కొనేది సగం రొట్టె,
అదీ పావురాలతో పంచుకోడానికి.
అయినా ఆగేవాణ్ణి.
నా కోటుకి ఊడిన గుండీ జాడని
వేలితో తడిమి,
ఏ సొరుగులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది.
కొట్టు ఎత్తేసిన రోజు
ఎవడో వచ్చి అన్నీ తూకానికి కొన్నాడు.
గుండీలు, తూకానికి!
ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది
ముల్లు ఎటు మొగ్గిందో చూడకుండా.

లాజరోస్ మాత్రం ధీమాగానే ఉన్నాడు.
"చేతిలో డబ్బు లేనివాడు కొత్త బూట్లు కొనడు,
పాతవే కుట్టించుకుంటాడు,
నాకేం ఢోకా లేదు" అన్నాడు.
కుట్టించుకోకుండా కూడా నడవొచ్చని
జనం నేర్చుకుంటారని అతనికి తోచలేదు.
వెళ్ళేముందు, ఎవరూ విడిపించుకోని పదిహేడు జతలు
కాలిబాట మీద వరసగా పెట్టాడు.
చీలమండల పైన ఎవరూ లేని పదిహేడు మంది
బస్సు కోసం చూస్తున్నట్టున్నారు.
సాయంత్రానికి పదకొండు మంది ఎక్కేశారు.

ఎవాంథియా హోటలు సంగతి వేరు.
ఎనిమిది బల్లలు, ఒక్క పొయ్యి,
శుక్రవారం చిక్కుడు గింజల చారు.
'అరువు రేపు' అని ఎన్నడూ రాసిపెట్టలేదు,
రాసిపెట్టి ఉంటే ఇంకో ఏడాది నిలిచేదేమో.
నేను కిటికీ ముందు ఒక్కసారి హారన్ కొడితే
పిండి చేతుల్తోనే వేళ్ళు చూపించేది.
పది.
ఆ చలికాలం ఏడు.
బ్యాంకుల ముందు వరసలు కట్టిన వారం, మూడు.
ఒకనాడు అదే కిటికీలో
పిడికిలి ఎత్తి పట్టుకుంది.

కోపమనుకున్నాను.
అది సున్నా.

నాకు రావాల్సిన ముప్పై ఒక్క రొట్టెల బాకీకి
నాలుగు కుర్చీలిచ్చింది, వద్దన్నా వినకుండా.
నా వంటింట్లో ఇద్దరమే, నాలుగెందుకు?
అందులో ఒకటి ఊగుతుంది.
దాని కాలి కింద మడిచిపెట్టిన కాయితం
అలాగే అంటుకుని వచ్చింది.
విప్పి చూస్తే నా బిల్లే,
మూడేళ్ళ కిందటిది,
'ముట్టింది' అని నా చేతిరాతలోనే.
మళ్ళీ మడిచి అక్కడే దోపాను.
మా ఆవిడ దాని మీద కూచోదు.
నేనూ కూచోను, నిజానికి.
కోటు తగిలిస్తాను.

నిన్న తెల్లవారుజామున
ఆ మూల దగ్గర బండి తనంతట తనే నెమ్మదించింది.
కిటికీకి పసుప్పచ్చ కాయితం: అద్దెకు ఇవ్వబడును.
ఎండకి ఫోన్ నంబరు సగం వెలిసిపోయింది,
కావాలన్నా ఎవరికి చేస్తారు?
తెలిసే, హారన్ కొట్టాను.
ఒక్కసారే.

పై అంతస్తులో కర్టెన్ కదిలింది.
ఎవరో, ముఖం కనపడలేదు,
ఒక్క వేలు చూపించారు.

ఒకటి కావాలనో,
ఈ వేళప్పుడు ఆ మోతేంటి, నోరు మూసుకోమనో,
తెలీలేదు.

గడప మీద ఒక రొట్టె పెట్టి
చప్పుడు కాకుండా బండిని
వాలు వెంట తోసుకుపోయాను.